గెడ్డకీ గడ్డకీ నడుమ

మా పెరటి వెనక ఉండే మామ్మ అబద్ధం చెప్పలేదు. ఈ ముక్క మొదటే చెప్పేస్తున్నాను, చివరిదాకా దాచుకుని మిమ్మల్ని ఊరించే ఓపిక నాకు లేదు. ఆమె మొహాన్ని ఫోన్లో చూసి, జనానికి విషం తినడం నేర్పే మనిషని తిట్టినవాళ్ళు చాలామంది. వాళ్ళలో మా సొంతవాళ్ళూ ఉన్నారు. ఆ తిట్లు నిజానికి ఇద్దరు పంచుకోవాలి. ఒకడు ఆమెను వీడియో తీసినవాడు. రెండోదాన్ని నేను. వాడి మీద ఉన్న రోతను నలుగురి ముందూ కక్కేయొచ్చు, నా మీద నాకున్నది మాత్రం ఇప్పటికీ గొంతులోనే ఉంది.

నేను అరకులోయ దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. పుట్టింది విజయనగరం పక్క పల్లె. బదిలీ మీద ఘాట్ రోడ్డెక్కి వచ్చి ఆరేళ్ళయింది. అద్దెకున్న ఇంటి వెనక నాలుగు వరసల కాఫీ మొక్కలు, వాటి అవతల మామ్మ ఇల్లు. నడిస్తే ముప్ఫై అడుగులుండదు. ఆమె సంతలో పసుపు, కొండచీపుర్లు, చలికాలంలో అడవి దుంపలు అమ్ముకుంటుంది. నన్ను పంతులమ్మ అంటుంది.

వచ్చిన మొదటి ఏడాదే ఆమె ఒక మధ్యాహ్నం అడ్డాకు దొన్నెలో ఉడకబెట్టిన దుంప ముక్కలు తెచ్చింది. చేదుదుంప అంది. గుమ్మంలో కూర్చుని, నాకివ్వకుండా ముందు తనే ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. వేసుకుని కబుర్లు మొదలుపెట్టింది. వాన సంగతి, మిరియాల సంగతి, పక్క ఊళ్ళో పెళ్ళి సంగతి. చాలాసేపటికి గాని ఆ దొన్నె నా వైపు జరపలేదు. నేను ముట్టలేదు. మా అమ్మ పెంపకంలో ఎంగిలి అంటే అంత పట్టింపు మరి. ఒకరు చెయ్యి పెట్టి తిన్న దొన్నెలోంచి ఇంకొకరికి పెట్టడమేమిటి, మర్యాద తెలియని మనుషులు అనుకున్నాను. ఆమె వెళ్ళాక ఆ ముక్కలు కాఫీ మొక్కల మొదట్లో పారబోశాను. అంత చదువుకున్నదాన్ని, అలా ఎందుకు చేసిందని ఒక్క మాట అడగలేదు.

ఆ తరవాత ప్రతి చలికాలమూ మామ్మ చిన్న వెదురుబుట్ట మోసుకుంటూ మా కిటికీ ముందునుంచే వెళ్ళడం చూసేదాన్ని. వెళ్ళేటప్పుడు బుట్ట పొడిగా ఉండేది. మూడు రోజులకు దాన్ని తిరిగి తెచ్చేటప్పుడు నీళ్ళు కారుతుండేది. అందులో ఏముందో ఎక్కడికి పోతోందో అదీ అడగలేదు. ఆరేళ్ళు.

బడిలో మాత్రం నేను పెద్ద పరిశోధకురాలిని. పిల్లల చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి కదా, నెట్‌లో చూసిందల్లా నమ్మకండని తొమ్మిదో తరగతికి ఒక పాఠమే చెప్పాను. పుస్తకంలో లేదు, నేనే చేర్చాను. బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాను: ఒకచోట చూసి నమ్మవద్దు, మూడుచోట్ల చూడండి. రాసి, సుద్దముక్క దులుపుకుని, గొప్ప పని చేసినట్టు నిలబడ్డాను. ఆ వాక్యం నెలరోజుల పాటు బోర్డు మూలన అలాగే ఉంది. చెరపొద్దని నేనే చెప్పాను.

కిందటి చలికాలం మా అక్క విజయనగరం నుంచి ఒక సందేశం పంపింది. మా బావగారికి చాలాకాలంగా షుగరు. దానికి మందు ఎవరు ఏది చెప్పినా అక్క చేసిపెడుతుంది, ఆయన నోరెత్తకుండా తింటాడు. ఈసారి వచ్చింది గిరిజనుల రహస్య ఆహారమట. ఏజెన్సీ కొండల్లో దొరికే చేదుదుంప తింటే షుగరు దిగిపోతుందట. చేదు పోవడానికి ముక్కలు కోసి మూడు రోజులు గడ్డకట్టించాలి, అంటే ఫ్రీజర్‌లో పెట్టాలి, తరవాత ఉడకబెట్టి తినాలి అని రాసుంది. కింద వీడియో లింకు. అక్క దానికి ఒక్క వాక్యం జోడించింది: "నువ్వక్కడే ఉన్నావు కదే, ఇది నిజమేనేటో చూసి చెప్పు."

నువ్వక్కడే ఉన్నావు కదా అన్నది అక్క. ఆ మాటకు అర్థం నాకు తరవాత తెలిసింది. అప్పటికి నేను చేసిందేమిటంటే, ఫోను తీసి వెతకడం. మా ఇంట్లో సిగ్నల్ అంతంతమాత్రం, వీడియో గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది. అక్షరాలు మాత్రం వచ్చాయి. వెతకగానే పైన పెట్టెలో తయారుగా ఒక జవాబు, చక్కటి తెలుగులో, ఎక్కడా తడబాటు లేకుండా: మూడు రోజులు ఫ్రీజర్‌లో గడ్డకట్టించడం సంప్రదాయ పద్ధతి. కింద ఒక ఆరోగ్య పేజీ, అదే మాట. ఇంకో వంటల పేజీ, అదే మాట. మరొకటి ఇంకా ముందుకెళ్ళి, పూర్వం కొండజనం లంబసింగి చలిలో రాత్రంతా ఆరుబయట పెట్టి మంచుతో గడ్డకట్టించేవారని, ఇప్పుడు ఫ్రిజ్‌లున్నాయి గనక మనకు తేలికని రాసింది. లంబసింగి పేరు చూడగానే నాకు నమ్మకం కుదిరిపోయింది. నిజమే, అక్కడ తెల్లారి గడ్డి మీద మంచు పేరుతుందంటారు కదా అనుకున్నాను.

మూడుచోట్ల చూడమని పిల్లలకు చెప్పాను, నేను ఆరుచోట్ల చూశాను. ఆరూ ఒకే మాట అన్నాయి. నలుగురితో నారాయణ అని మా నాన్న ఎగతాళిగా అనేవాడు, గుర్తు రాలేదు. సైన్సు టీచర్ని కదా, చేదును గడ్డకట్టిస్తే గడ్డకట్టిన చేదు అవుతుంది తప్ప ఎక్కడికి పోతుందని ఒక్కసారైనా తోచాలి. తోచలేదు. అక్కకు రాశాను: నిజమే, అన్నిచోట్లా అలాగే ఉంది. వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యికి ఊరంతా తిరగడమంటే ఇదే. ముప్ఫై అడుగుల దూరంలో మామ్మ ఎండకు వీపు పెట్టుకుని కూర్చునుంది.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ వారం సంతకు వెళ్ళి దుంపలు నేనే కొన్నాను. మామ్మ ఆవేళ రాలేదు. ముంచింగిపుట్టు వైపు నుంచి వచ్చిన ఇంకో ఆవిడ గోనె మీద పోసి అమ్ముతోంది. దుంపలు సంచిలో వేస్తూ ఆవిడ నా చీర చూసింది, చేతిలో గొడుగు చూసింది, ఎందుకో ఆగింది.

"ఎరికే గదా, అమ్మా?" అంది.

ఇక్కడ చేదుదుంప అమ్మేవాళ్ళు కిందనుంచి వచ్చినవాళ్ళను ఆ మాట అడక్కుండా సంచి ఇవ్వరు. దీన్నేం చెయ్యాలో తెలుసు కదా అని. తెలియదంటే చెబుతారు, రెండుసార్లు చెబుతారు. నేను "ఎరికే" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానంటే, సంత భాషలో సమాధానం చెప్పినందుకు నా మీద నాకే ముచ్చటేసింది. ఆవిడ సంచి వదిలింది. ఆ దుంపల్ని మా బడి మాస్టారొకాయన విజయనగరం వెళ్తుంటే అక్కకు పంపాను.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం, నేను తరగతిలో ఉండగా అక్క ఫోను. బావగారికి నోరంతా మంటలెత్తి, వాంతులై, కళ్ళు తిరిగి పడిపోయాడట. మాట ముద్దముద్దగా వస్తోందట. అక్క ఒక ముక్కే రుచి చూసింది గనక గొంతు మంటతో బయటపడింది. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కిస్తున్నారు. డాక్టరు ఏం తిన్నారని అడిగితే చెప్పడానికి సిగ్గేసిందట. రెండు రోజులకు ఆయన తేరుకున్నాడు. ఆ రెండు రోజులూ నేను ఏ పాఠం చెప్పానో నాకు గుర్తులేదు.

తేరుకున్నాక మా వాళ్ళందరికీ కోపం వచ్చింది. కోపం ఎవరి మీద? వీడియోలో ఉన్న ముసలావిడ మీద. అక్క ఆ లింకు మళ్ళీ పంపింది. "చూడు దీని మొహం, నీ కొండల్లోదే, నిలువునా చంపేసేది" అని రాసింది. అప్పుడు బస్టాండు దగ్గర సిగ్నల్ బాగా వచ్చేచోట నిలబడి, మొదటిసారి ఆ వీడియో పూర్తిగా చూశాను. తెర మీద మా మామ్మ. ముక్కుకు మూడు ముక్కుపుడకలు, జడలో కొండపువ్వు, పక్కన మా కాఫీ మొక్కలు. గాలి హోరులో ఆమె గొంతు వస్తూ పోతూ ఉంది. అయినా ఆమె చెప్పింది నాకు స్పష్టంగా వినబడింది.

"తొక్క తీసి, సన్నంగ కోసి, బుట్టల ఏసి, మూడు దినాలు గెడ్డల కట్టి పెట్టాల."

గెడ్డ. మా విజయనగరంలో, శ్రీకాకుళంలో, ఈ ఏజెన్సీ అంతటా కొండ దిగి పారే ఏటిని గెడ్డ అంటాం. నేను చిన్నప్పుడు ఈతకొట్టింది గెడ్డలో. బుట్టను పారే నీళ్ళలో తాడుతో కట్టి మూడు దినాలు ఉంచాలి, చేదంతా నీళ్ళతో పోతుందని ఆమె చెబుతోంది. కెమెరా పట్టుకున్న కుర్రాడు ఏ ఊరివాడో గాని గెడ్డ అన్న మాట వాడి జన్మలో విని ఉండడు. తెర కింద అక్షరాలు వేశాడు: మూడు దినాలు గడ్డకట్టి పెట్టాల. వేసి, కెమెరా తన వైపు తిప్పుకుని, అంటే ఫ్రీజింగ్ అన్నమాట, వీళ్ళ దగ్గర ఎంత సైన్సుందో చూడండి అని మురిసిపోయాడు. లంబసింగి మంచు సంగతి కూడా వాడు అప్పటికప్పుడు కల్పించిందే.

నేను చూసిన ఆరుచోట్లూ వాడి దగ్గర్నుంచి ఎత్తుకున్నవే. తేదీలు వరసగా పెట్టి చూస్తే తెలిసిపోయింది, లంబసింగి ముక్కతో సహా ఒకరి నుంచి ఒకరు దించుకున్నారు. ఆరు నోళ్ళు, చెవి ఒక్కటే, ఆ ఒక్కటీ చెవిటిది. వీళ్ళలో ఒక్కరు కూడా దుంపను చేత్తో పట్టుకుని ఎరగరు. నేను అక్షరాలు చదివాను గాని, ఆ గొంతు ఒక్కసారి విని ఉంటే చాలు, తెలుగు గడ్డ మీద ఆ మాట నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరు? చదవేస్తే ఉన్న మతి పోయిందని మా ఊళ్ళో ఊరికే అనరు.

వీడియో కింద వ్యాఖ్యలు చదివాను. చదవకుండా ఉండాల్సింది. ఇంకెవరెవరో కూడా తిని జబ్బు పడ్డట్టున్నారు. ముసల్ది కావాలనే చెప్పిందని ఒకడు. కొండవాళ్ళని నమ్మితే ఇంతేనని ఇంకొకడు. ఆమె మొహం గురించి, ముక్కుపుడకల గురించి, నేను ఇక్కడ రాయలేని మాటలు. నవ్వుతున్న బొమ్మలు. నేను కింద రాశాను, ఆమె అన్నది గెడ్డ, అంటే ఏరు, తప్పు రాసిన వాళ్ళది అని. సాయంత్రానికి నా వ్యాఖ్య లేదు. మళ్ళీ రాశాను, మళ్ళీ పోయింది.

ఎలాగో ఆ కుర్రాడి నంబరు సంపాదించి మాట్లాడాను. చాలా మర్యాదగా మాట్లాడాడు, ఆ మర్యాదే ఎక్కువ అసహ్యం పుట్టించింది. అక్షరాలు తను వెయ్యలేదు, యాప్ వేసిందన్నాడు. దిద్దమన్నాను. దిద్దితే వ్యూస్ పోతాయని నేరుగా అనకుండా, ఇప్పుడు ముట్టుకుంటే ఇబ్బంది మేడం అన్నాడు. చివరకు, మీరు చెప్పింది మంచి పాయింటు, దీని మీద ఇంకో వీడియో చేస్తానన్నాడు. చేశాడు కూడా. చేదుదుంప వెనక భయంకర నిజం అని పేరు. బొమ్మలో మళ్ళీ మామ్మ మొహమే, చుట్టూ ఎర్ర గీత. గెడ్డ సంగతి అందులో ఎక్కడా లేదు. పిల్లికి చెలగాటమంటే ఇదే కదా అనుకున్నాను, ఎలుక ఎవరో వాడికి అక్కర్లేదు.

తరవాతి సంతలో మామ్మ దగ్గర కొనేవాళ్ళు లేరు. చీపుర్లు కూడా అలాగే ఉన్నాయి. చలికి వచ్చిన టూరిస్టులు నలుగురు ఆమె ముందు ఆగారు. కొనడానికేమో అనుకుని ఆమె పసుపు కొమ్ములు ముందుకు జరిపింది. వాళ్ళు ఫోన్లు తీశారు. ఒకమ్మాయి ఆమె పక్కన కూర్చుని, గొంతు పట్టుకుని నాలిక బయటపెట్టి, చచ్చిపోతున్నట్టు నటిస్తూ ఫోటో దిగింది. మామ్మ కూడా నవ్వింది, ఫోటో తీస్తున్నారు కదా అని. నేను వెళ్ళి ఆ పిల్లను తిట్టాను. గట్టిగానే తిట్టాను. తిడుతున్నంతసేపూ నా గొంతులో ఉన్న నీతి నాకే వెగటుగా తగిలింది.

ఆవేళే మా బంధువుల గ్రూపులో రాశాను. ఆ ముసలమ్మ తప్పేమీ లేదు, నిజమేనని అక్కకు చెప్పింది నేను, దుంపలు పంపింది నేను, బావగారిని ఆస్పత్రి పాలు చేసింది నేను అని. అంతకుముందు ఆమెను తిట్టినవాళ్ళందరూ అందులో ఉన్నారు. ఇద్దరు నమస్కారం బొమ్మలు పెట్టారు. ఒకరు గులాబీ పువ్వుతో శుభోదయం పెట్టారు. అక్క విడిగా ఫోను చేసి, ఇంటి విషయాలు గ్రూపులో ఎందుకే, ఆవిడెవరో కొండామె, ఆవిడ మనకి కనబడుతుందా పెడుతుందా అంది. మూడోనాడు బావగారు, సెలైన్ సూది గుచ్చిన చోట ఇంకా నల్లగా ఉందని చెప్పిన ఆ బావగారే, ఏదో బెరడు కషాయం గురించి ఇంకో సందేశం పంపాడు. కింద అదే ప్రశ్న: ఇది నిజమేనేటో చూసి చెప్పమ్మా. నేను ఫోను బోర్లా పెట్టేశాను.

మర్నాడు బడి నుంచి రాగానే కాఫీ మొక్కల మధ్య నుంచి మామ్మ ఇంటికి వెళ్ళాను. ఆరేళ్ళలో ఆ ముప్ఫై అడుగులు నేను నడవడం అదే మొదలు. ఎప్పుడూ ఆమే వచ్చేది. అరుగు మీద కూర్చునుంది. పక్కన అడ్డాకు దొన్నెలో ఉడికిన ముక్కలు ఆవిర్లు కక్కుతున్నాయి. నన్ను చూసి చాప జరిపింది. అలవాటు ప్రకారం ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది.

నేను మొదట్నుంచీ చెప్పాను. ఫోను సంగతి ఆమెకు సగమే అర్థమైంది. సంతలో బేరాలు ఎందుకు పోయాయో మాత్రం పూర్తిగా అర్థమైంది.

"నాను గెడ్డ అనే అన్నాను గదా?" అంది.

అన్నావు మామ్మా అన్నాను.

"ఆ గుంటడికి తెలీదు సరే. నువ్వు మా పక్కోలివి. నీకూ తెలీదేటి?"

నేను నిన్ను అడగలేదు మామ్మా, ఫోనును అడిగాను అన్నాను. ఆ వాక్యం నా నోట్లోంచి వస్తుంటే ఎంత సిగ్గుగా వినబడిందో ఎలా చెప్పను. ఆమె నోట్లో ముక్క నెమ్మదిగా నములుతూనే ఉంది. అప్పుడు చెప్పింది, ఈ దుంప ఏ ఇంట్లో వండినా ముందు ముక్క వండినవాళ్ళే తినాలని. తిని, ఒక పూట కబుర్లాడుతూ కూర్చోవాలి. నాలిక మండకపోతే, కళ్ళు తిరక్కపోతే అప్పుడు పక్కవాళ్ళకి పెట్టాలి. బాగానే ఉందని నోటితో చెబితే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. వాళ్ళ అమ్మ అలా చేసేది, ఆమె అమ్మా అలాగే చేసేదట. మొదటి ఏడాది మా గుమ్మంలో ఆమె అంతసేపు ఎందుకు కూర్చుందో, వాన గురించీ పెళ్ళి గురించీ ఎందుకు మాట్లాడిందో అప్పటికి తెలిసింది. ఎంగిలని నేను పారబోసింది ఆ పూచీని.

ఆమె నా మొహంలోకి చూసింది.

"నిజమేనని మీ అక్కకి సెప్పినావు గదా, పంతులమ్మా. ముందల నువ్వు తిని సెప్పినావా?"

లేదు మామ్మా అన్నాను.

ఆమె తల ఊపింది. దొన్నె నా వైపు జరుపుతుందని చాలాసేపు ఎదురుచూశాను. ఎండ అరుగు దాటి వాకిట్లోకి దిగింది. అప్పుడామె ఆకు అంచులు మడిచి, దొన్నె పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.